అత్తగారి పేరు

ఆదివారం సాయంత్రం

ప్రియమైన మినాకు,

అమ్మ దీవెనలు. ఫోన్లో చెబుదామంటే మీ నాన్న స్పీకర్ పెట్టి మధ్యలో దూరతాడు. అందుకే రాసి, పాల వ్యాను రత్తయ్య చేతికిస్తున్నాను. మీ హాస్టల్ గేటు దగ్గర ఇస్తాడు.

ఇవాళ పూజలో నీ పెళ్లి చాటింపు మొదటిసారి చదివారు. "జక్కయ్య, సంపూర్ణమ్మల కుమార్తె ఫలానా" అని నీ జ్ఞానస్నానం పేరు, గన్నవరం జోయెల్ పేరు చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు స్టీఫెన్ ఫాదర్ గారు. అడిగేవాళ్లు ఎవరుంటారులే అని నేను ముసుగు సర్దుకుంటున్నాను. బాలశౌరి తాత కర్ర పట్టుకుని లేచాడు!

"ఉందండీ. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయ్యింది. మోసినోళ్లలో నేనూ ఉన్నా. ఆ పేరు జక్కయ్య తల్లిదండీ, మాతో బళ్లో చదూకుంది. కూతురు పేరు మినా కదా?"

గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఫాదర్ గారు మాత్రం నవ్వలేదు. ఆయన ఈ ఏడే వచ్చారు, మన సంగతులు తెలియవు. రిజిస్టరు తీస్తే నీ ఏడాది పేజీలు వానకు తడిసి అట్ట కట్టాయి. నీ జ్ఞానస్నానం కళ్లారా చూసినవాళ్లు గుళ్లో బైబిలు మీద చెయ్యి పెట్టి పేరు చెప్పాలట. అంతవరకూ రెండో చాటింపు చదవరు. మూడూ చదవందే ఇరవై రెండున పెళ్లి లేదు. మీ నాన్న ఆ రోజు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. గుళ్లో నిన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లి పోయింది. ఇక మిగిలింది నేనే. అదీ సంగతి.

ఇట్లు,
మీ అమ్మ

---

సోమవారం, విజయవాడ

ప్రియమైన అమ్మకు,

ఉత్తరం చదివి ఆసుపత్రి డ్యూటీ రూములో పడీ పడీ నవ్వాను. నాయనమ్మకు పెళ్లి! ఇంకేముంది, నువ్వున్నావుగా. వెళ్లి "విల్హెల్మినా" అని ఒక్క ముక్క చెప్పేసి రా.

ఒక తప్పు మాత్రం నీతో ఒప్పుకోవాలి. ఆ పేరు జోయెల్‌కి ఇప్పటిదాకా చెప్పలేదు. నా బ్యాడ్జి మీదా మినాయే. సిగ్గు అనుకో. గవర్నర్‌పేటలో ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్నానా, అక్కడ శ్రీదుర్గ మేడమ్ నా ఫారం చూసి, "హాలెండు రాణి పేరు కదమ్మా ఇది!" అన్నారు. ఇంగ్లీషు వాళ్లూ ఈ పేరు పెట్టుకున్నారట. కానీ అంత పొడుగు ఎవరు పిలుస్తారని విల్మా అనో, మిన్నీ అనో, విల్లా అనో, మినా అనో కోసుకున్నారట. ఇప్పుడు వింటే అమ్మమ్మల కాలం పేరులా ఉంటుందట. క్లాసంతా నవ్వింది.

నాయనమ్మ పుట్టినప్పుడు మిషన్ ఆసుపత్రిలో హాలెండు సిస్టరు వాళ్ల రాణి పేరు పెట్టిందనీ, ఊళ్లో అందరూ రాణమ్మ అనేవాళ్లనీ చెప్పాను. "మరి నిన్ను మినా అన్నదెవరు?" అన్నారు. మా అమ్మ, ఐదో తరగతి అన్నాను. "ఇంగ్లీషు రాకుండానే ఇంగ్లీషు వాళ్ల పద్ధతి పట్టేసింది" అని మెచ్చుకున్నారు. చూశావా!

ప్రేమతో,
నీ మినా

---

బుధవారం

ప్రియమైన మినాకు,

మీ మేడమ్ మెచ్చుకుంది గానీ, నాది పద్ధతీ కాదు, పాడూ కాదు. భయం.

అత్తగారి పేరు నోటితో అనకూడదని మా అమ్మ పెళ్లినాడే చెప్పి పంపింది. ఇరవై ఎనిమిదేళ్లయ్యింది, ఒక్కసారి అనలేదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినా పక్కింటావిడ చేత చెప్పించాను. నీకు ఆ పేరు పెట్టింది అత్తయ్యే. జ్ఞానస్నానం నుంచి రాగానే నిన్ను ఉయ్యాల్లో వేసి, "ఏదీ, పిలువు" అంది. ఆవిడ ముందే ఆవిడ పేరు ఎలా అనను? పేరు తోక పట్టుకుని "మినా" అన్నాను. అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది.

పోయే ముందు ఒకరోజు గంజి పట్టిస్తుంటే అంది. "ఊరంతా రాణమ్మ అన్నారు, వీడు అమ్మా అన్నాడు. మనవరాలికి పెట్టుకుంటే దాన్నీ మినా చేశారు. ఈ ఇంట్లో నా పేరు వినకుండానే పోతన్నానే సంపూర్ణా." అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. గౌరవమే అనుకున్నాను. ఆవిడ బతికుండగా అనని పేరు, ఇప్పుడు నా అవసరం కోసం నలుగురిలో ఎలా అనేది? కాగితం మీద రాయించి ఇస్తానంటే, ఫాదర్ గారు నోటితోనే చెప్పాలన్నారు. నావల్ల కాదు తల్లీ. నీ పెళ్లికి నేనే అడ్డమయ్యానని రెండ్రోజులుగా అన్నం సయించడం లేదు.

మీ అమ్మ

---

శుక్రవారం

ప్రియమైన అమ్మకు,

నిన్న జోయెల్‌కి అంతా చెప్పాను. మూడుసార్లు పలికి చూశాడు, రెండుసార్లు తడబడ్డాడు. "ఇంత మంచి పేరు దాచావేంటి?" అన్నాడు. పెళ్లి వెనక్కి జరిగినా పరవాలేదన్నాడు. కానీ నాకు సెలవు ఇచ్చింది ఆ వారమే. మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. బస్సులో ఏడుస్తూ వచ్చాను.

నిన్ను బలవంతం చెయ్యను. ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నాయనమ్మ నిన్ను గౌరవించమని అడగలేదు కదమ్మా. పిలవమంది.

నీ మినా

---

ఆదివారం

ప్రియమైన విల్హెల్మినాకు,

రాశాను చూడు! రెండు కాగితాలు చింపాక కుదిరింది.

ఇవాళ పూజకు ముందు ఫాదర్ గారు బైబిలు పట్టుకుని నించున్నారు. గుడి కిటకిటలాడుతోంది. పోయినవారం రానివాళ్లు కూడా తమాషా చూడ్డానికి వచ్చారు. "బిడ్డకు పెట్టిన పేరేమిటమ్మా?" అన్నారు. మీ నాన్న అటు తిరిగి దగ్గుతున్నాడు. "చెప్పమ్మాయ్, రాణమ్మేమీ అనుకోదులే" అన్నాడు బాలశౌరి తాత.

కళ్లు మూసుకుని అనేశాను. గొణుగుదామనుకున్నది కాస్తా కేకలా వచ్చింది. వెనక బెంచీ వాళ్లు కూడా విన్నారు. ఒక్క అక్షరం తడబడలేదు! చదువుకున్న ఫాదర్ గారే రెండో చాటింపు చదువుతూ ఆ పేరు దగ్గర రెండుసార్లు ఆగారు. అభ్యంతరం ఉందా అని ఆయన అడగకముందే తాత లేచి, "లేదండీ, లేదు!" అన్నాడు. ఈసారి ఫాదర్ గారూ నవ్వారు. ఇరవై రెండున పెళ్లి ఖాయం. జోయెల్ వాళ్లమ్మ అమలమ్మ గారికి మీ నాన్న అప్పుడే ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి మరీ. ఇంటికొచ్చి రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాను.

తిన్నాక ఒక్కదాన్నే సమాధుల తోటకు వెళ్లాను. అత్తయ్య దగ్గర కూర్చుని పేరు పెట్టి పిలిచాను. ఒకసారి అన్నాక ఆగలేదు, ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఏడ్చాను కూడా. లేచి వస్తుంటే ఒళ్లు తేలికైనట్టుంది.

నువ్వు వచ్చాక మాత్రం నిన్ను మినా అనే పిలుస్తాను, ఏమనుకోకు. అది నేను పెట్టిన పేరు. ఆ పెద్ద పేరు మాత్రం ఆవిడది.

ఇట్లు,
విల్హెల్మినా గారి కోడలు
సంపూర్ణమ్మ