నలుపు వెనక చెయ్యి

అమ్మకు,

దణ్ణం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ మోకాలు ఎలా ఉంది? "ఉత్తరం నాలుగు ముక్కల్లో తేల్చేస్తున్నావు, అంత తీరికలేని పనేమిటే?" అని అడిగావు. పని ఉన్న మాట నిజమే.

మ్యూజియంలో పాత చిత్రాలు శుభ్రం చేసే మా గదికి ఒక ఆడపిల్ల బొమ్మ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో వేసిన నూనెరంగుల చిత్రం. పిల్లకు మూడేళ్లుంటాయేమో. తెల్ల గౌను, ఎత్తు కుర్చీ, వెనకంతా కాటుకలాంటి నలుపు. ఏ క్షణానైనా కిందికి దూకేసేలా ఉంది గడుగ్గాయి.

పుల్లకు దూది చుట్టి, ఉమ్మితో తడిపి మెల్లగా తుడుస్తాం. మొహం చిట్లించకు, నిజంగా ఉమ్మితోనే! నిన్న పిల్ల భుజం పక్కన తుడుస్తుంటే నలుపు దూదికి అంటుకుని వచ్చేసింది. కింద ఒక గోరు కనిపించింది. సాయంత్రానికి నాలుగు వేళ్లు, ఉంగరం, మణికట్టు బయటపడ్డాయి. పిల్ల కదలకుండా ఎవరో వెనకనుంచి పట్టుకున్నారు. పిల్ల ఒక్కతే కనబడాలని కాబోలు, తర్వాతెవరో నీటిరంగుతో ఆ మనిషిని కప్పేశారు.

మా గది పెద్దాయన భూతద్దం పెట్టుకుని ఒక్కో వేలే చూశారు.

"మళ్లీ కప్పేయమంటారా సార్?"

"కప్పడమా? మిగతాదీ తీసెయ్యమ్మా. మొహం ఉందేమో చూద్దాం."

ఈరోజు తీశాను. ఉందమ్మా. తల్లే. మనవైపు చూడటం లేదు, పిల్లనే చూస్తోంది. ఇన్నేళ్లూ ఆ చీకట్లో కూర్చుని కూడా పిల్లనే చూస్తోంది.

అమ్మా, ఇక దాచలేను. నాకు ఐదో నెల. ఉత్తరం పెద్దదైతే ఎక్కడ బయటపడిపోతానోనని నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాను. వెనక రెండుసార్లూ కబురు వినగానే నువ్వు చిన్న చొక్కాలు కుట్టడం మొదలుపెట్టావు. ఆ బిడ్డలు దక్కలేదు. చొక్కాలు ఏం చేశావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈసారి బిడ్డ చేతికొచ్చేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. "మీ అమ్మకు చెప్పవేం?" అని నీ అల్లుడు పోరుతూనే ఉన్నాడు. అంతా బాగుందనే అంటోంది డాక్టరమ్మ. నాకే గుండె నిలవడం లేదు.

మోకాలికి పట్టీ కట్టుకుని అయినా సరే, రా. ఆ చొక్కాలు ఉంటే తీసుకురా.

ఇట్లు,
నీ చిన్న కూతురు