పిడి ఎందుకు పొడుగైంది?

మా ఇంటావిడకి మీ ఆయన రాయునది ఏమనగా, ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ మీ అక్కయ్యా బాగున్నారని తలుస్తాను. ఆవిడ కాలు ఇంకా అతుక్కోలేదంటే మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. మెట్లు దిగి కూరలు తెచ్చిందని కిందటి ఉత్తరంలో నువ్వే రాశావు. విరిగిన కాలితో ఎవరు తెస్తారే?

వేళకి తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. నా గొడవంతా సామాన్ల గురించి. పియానోలు శ్రుతి చేసే పనిముట్లన్నీ మొదటి నుంచీ నువ్వే ఇంట్లో చేసిపెడుతున్నావు. మెకానిక్ పారేసిన పానాకి చెక్క పిడి బిగించి, తీగలు చుట్టిన మేకులు తిప్పడానికి ఇచ్చావు. పక్క తీగ మోగకుండా ఇరికించడానికి పెన్సిలు రబ్బర్లు ఏటవాలుగా కోసి, గొడుగు ఊచలు గుచ్చావు. ఏనాడైనా వంక పెట్టానా? మరి వెళ్లే ముందు కొత్తవి చేసి, పాతవి ఎందుకు మాయం చేశావు?

కొత్త పానా పిడి పాతదానికంటే జానెడు పొడుగు. దానికి పాత ఉన్ని కోటు చెయ్యి కోసి లావుగా చుట్టావు. ఊచల పొడుగు రెండింతలు చేశావు. ఇదంతా ఊరికే చేసే మనిషివి కాదు నువ్వు. "ఇకమీదట పనికి నేనూ తోడొస్తాను" అని నువ్వంటే నేను ముఖం మాడ్చుకున్నానుగా, దానికి కక్ష కట్టావనుకున్నాను. బళ్లో పియానో ఎంతకీ శ్రుతిలో నిలవలేదు. బిగిస్తే పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. సంగీతం టీచరమ్మ వచ్చి, "ఇంకా ఎంతసేపండీ?" అంది. "మా ఆవిడ పానా చెడగొట్టిందండీ" అన్నాను. ఆవిడ నా చేతికేసి చూసి, పిల్లల్ని వేరే గదిలోకి పంపేసింది.

నీ తప్పు సాక్షితో సహా రుజువు చేద్దామని పానా పట్టుకుని, పియానోలు బాగుచేసే పొడుగాయన దుకాణానికి వెళ్లాను. మనకి పోటీయే, అయినా ఈ పని తెలిసినవాడు ఇంకెవరున్నారు? ఆయన తన దుకాణంలోని పియానోకి ఒక తీగ బిగించి వదిలాడు. శ్రుతి కదల్లేదు.

"బంగారంలాంటి పానా. నాకూ ఒకటి చేయించిపెట్టు. ఏదీ, నువ్వు తిప్పు" అన్నాడు.

తిప్పాను. తీగ పైకి పోయి కిందికి జారడం ఇద్దరం విన్నాం. ఆయన పానా మెల్లగా నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు.

తప్పు పానాది కాదు, నీదీ కాదు. వణుకు నా కుడిచేతిలో ఉందే. కలం పడితే రాదు, పానా పడితే మొదలవుతుంది. ఎక్కువ బలం పెట్టక్కర్లేకుండా పిడి పెంచావు, పట్టు జారకుండా లావు చేశావు, వేళ్లు తీగలకి తగలకుండా ఊచలు పొడిగించావు. నాకంటే ముందే నీకు తెలుసు. ఎప్పటినుంచి నన్ను కనిపెడుతున్నావు? నాకు తెలియకుండా డాక్టరునీ అడిగావా? నా అంతట నేను తెలుసుకునేదాకా అక్కయ్య కాలు అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చున్నావా? కోపంగా ఉంది. అంతకంటే భయంగా ఉంది. ఈ పని తప్ప నాకింకేదీ రాదు.

చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. టీచరమ్మని సోమవారం దాకా గడువు అడిగాను. వచ్చేయ్. నువ్వు తిప్పు, నేను వింటాను. చాలు అనగానే ఆపాలి. ఇన్నాళ్ల కాపురంలో నేను చాలంటే నువ్వు ఆపిన పని ఒక్కటీ లేదు, ఇది మాత్రం ఆపు.

ఇట్లు,
మీ ఆయన