రెండో స్టిక్కర్

మే 2, శనివారం. ఉదయం మబ్బు. లాన్ కోశాను.

సరళా, ఇవాళ మన ఫ్రిస్కోలో సిటీ ఎన్నిక. ఎప్పుడూ నువ్వు ఓటేసి వచ్చేదాకా నేను కార్లోనే కూర్చునేవాణ్ణి. నడక దారిలో బెంచీలు వేయిస్తానన్న ఆవిడకే మన ఓటని పోయినేడు ఆయాసపడుతూ అన్నావు. అందుకే ఈసారి నేనే లోపలికి వెళ్ళాను. ఆవిడకే వేసి, పాత అలవాటుగా ఎడమచేతి వేలు చాపాను. బల్ల దగ్గరున్న తెలుగమ్మాయి నవ్వింది.

"ఇక్కడ ఇంక్ పెట్టరంకుల్, ఓటేశామని స్టిక్కరే ఇస్తాం! ఆంటీ రాలేదా? ఎప్పుడూ ఫస్ట్ వచ్చేస్తారుగా. ఇదిగోండి, ఆంటీకి కూడా ఇవ్వండి."

నువ్వు లేవని చెప్పలేకపోయాను. రెండూ తీసుకున్నాను. ఇంటికొచ్చి నీది ఫ్రిజ్ తలుపు మీద, నీ పాతవాటి పక్కన అంటించాను. నాది ఇంకా చొక్కా మీదే ఉంది. ఇక చొక్కా విప్పి వాషర్‌లో వేసేముందు, దాన్నీ తీసి నీదాని పక్కనే అంటిస్తాను.