పాలు తాగిన ఓపల్

8 నవంబర్ 1976
వీధి చివరి ఖాలా వచ్చింది. కొంగు ముడి విప్పి మా ఆయన అరచేతిలో ఒక రాయి పెట్టింది. శనగగింజంత. తెల్లగా ఉంది, కదిపితే లోపల ఎరుపు, ఆకుపచ్చ పరుగెత్తుతున్నాయి. "మనవరాలి నిఖాకు వెండి లాకెట్‌ల పెట్టియ్యి బేటా. నీ చేతుల మీదనే నాకు భరోసా." పెళ్ళి 21న.

ఆయన అల్లుతున్న వెండి తీగపని పక్కన పడేసి అన్నం వేళ దాకా రాయినే తిప్పి తిప్పి చూశారు. నన్నెప్పుడైనా అలా చూశారా అంటే - "నిన్ను కదిలిస్తె రంగులు రావు, తిట్లొస్తయి." దొంగ.

9
రాయి పేరు ఓపల్. హంగేరీదట. ఖాలా భర్త బతికున్న రోజుల్లో హైదరాబాద్‌లో ఆ దేశపు డాక్టరు ఇంట్లో వంట చేసేవాడు. డాక్టరు వెళ్ళిపోతూ ఇచ్చాడు. "ఆయన పోయినంక దీన్ని చూసుకుంటనే బతికిన" అంది ఖాలా.

10
నేను పనిచేసే గ్రంథాలయంలో ఇవాళ నా బల్ల దగ్గరికి ఒక్కరూ రాలేదు. పాత విజ్ఞానకోశం తీశాను. ఉంది! హంగేరీ ఓపల్ గనులున్న కొండలు ఇప్పుడు చెకోస్లోవేకియాలో ఉన్నాయి. ఒకప్పుడు ఐరోపాలో పేరున్న ఓపల్స్ అన్నీ అక్కడివే. పాపం, రోమన్లు మాత్రం ఇవి ఇండియా నుంచి వస్తాయనుకునేవారట! వర్తకులు మన పేరు చెప్పి అమ్ముకున్నారేమో. ఒక రోమన్ పెద్దమనిషి తన ఓపల్‌ను పాలకుడికి ఇవ్వనని మొండికేసి, ఆస్తి వదిలేసి, ఆ ఉంగరంతో దేశం దాటిపోయాడట. సాయంత్రం ఆయనకు చెప్పాను.

"మొగోడంటె గట్లుండాలె."

వదులుకోవడానికి మనకేముంది అన్నాను. నవ్వారు.

12
లాకెట్‌కు వెండితీగ అల్లడం అయిపోయింది. రాయి పొదగడమే మిగిలింది. ఎంత సన్నని పని! ముద్దొచ్చింది... లాకెట్ కాదు.

13
పాడు పని చేశాను.

మా అవ్వగారింట్లో ఏ రాయైనా పొదిగే ముందు ఒక పూట పచ్చిపాలలో ఉంచుతారు, దోషం పోవాలని. ఆయన బజారుకు వెళ్ళగానే గిన్నెలో వేశాను. పెళ్ళికూతురు చల్లగా ఉండాలనే. తీసి చూస్తే - పసుపురంగు, మసక. లోపల ఒక్క రంగూ లేదు.

ఆయన వచ్చి చూశారు. తిట్టినా బాగుండేది. రాయిని దూదిలో పెట్టి - "ఏడ్వకే. జర ఆరనీ, చూద్దాం."

15
మళ్ళీ విజ్ఞానకోశం. ఆ కొండల ఓపల్స్‌లో కొన్ని నీళ్ళు పీల్చుకుంటాయట. ఆరితే మళ్ళీ మామూలవుతాయట. పాలు పీల్చుకుంటే ఏమవుతుందో రాయలేదు. రాసినాయనకు మా అవ్వ తెలియదు కదా.

16
"గీ మూలకు చూడు, పచ్చగ వస్తుంది" అంటారు. నాకేమీ కనబడలేదు. ఆయనకూ కనబడలేదు. అబద్ధమాడడం కూడా సరిగ్గా రాదు ఈ మనిషికి.

18
అదే మసక. ఆయన చొక్కా తొడుక్కున్నారు. "ఖాలాకు చెప్పొస్త. నువ్వు నోరు తెరవకు." వెంటే వెళ్ళాను.

"నేనే పాలల్ల ఏసిన ఖాలా. తప్పు నాదే" అన్నారాయన.

ఖాలా అరవలేదు. రాయిని వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. "నీ చేతులని ఇచ్చిన బేటా... ఇంకెవ్వలకు ఇచ్చేదాన్ని కాదు" అంది. రాయిని కొంగున ముడేసుకుంది, ఆయన చాపిన లాకెట్ ముట్టుకోలేదు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నిజం చెప్పకుండానే ఆయన వెనకే ఇంటికొచ్చేశాను.

19
పొద్దున్నుంచి ఆయన ముందు ఖాళీ లాకెట్. ఎందుకలా చెప్పారంటే - "నా మీద కోపం ఎన్నడో ఒకనాడు పోతది. నువ్వు ఆమె ఇంటికి పోకుండ ఉండగలవా?"

ఉండలేను, ఈ వీధిలో నాకు అమ్మలాంటిది ఆమే. ఇరవై ఏళ్ళ పనితనంతో ఆయన తెచ్చుకున్న పేరు నా గిన్నెడు పాలలో పోయింది. ఈ మనిషంటే ఎంత ప్రేమగా ఉందో, నా మీద నాకు అంత సిగ్గుగా ఉంది.

నిజం చెప్పొస్తానంటే వద్దంటున్నారు. చెప్పులు వేసుకున్నాను. ఖాలా తలుపు తీస్తే మొదటి మాట ఏమనాలి -