నువ్వే చదువమ్మా

అర్దియా, కువైట్

ప్రియమైన అమ్మీకి సైరా సలాములు.

ఇక్కడ నేనూ అబ్బా వేళకు తింటున్నాం. అక్కడ ఊళ్లో నువ్వూ, రేష్మా ఆపా, ఆమె పసిబిడ్డా చల్లగా ఉండాలని దువా చేస్తున్నాను.

అంతసేపు ఏం చదువుతున్నావని అడిగావు. స్కూలు ప్రాజెక్టు అమ్మీ. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలను ఇంగ్లండులో కొందరు విప్పేవారట. 'గూఢలిపి' అనే మాట అప్పుడే దొరికింది, రోజంతా నోట్లో నానబెట్టుకున్నాను. జర్మన్లు అలవాటుగా ఒకే రకం వాక్యాలు మళ్లీ మళ్లీ పంపేవారు. ఆ అలవాటే వీళ్లకు తాళంచెవి అయింది. మరీ చిక్కు సందేశాలకు గదంత యంత్రాలు కట్టారు. ఇప్పటి కంప్యూటర్లకు అవి అవ్వల్లాంటివి. వాటిని నడిపిన ఆడపిల్లలు ఇంట్లో కూడా నోరు విప్పలేదు. యుద్ధమయ్యాక చాలా యంత్రాలను విప్పి పారేసి, వాటి నమూనా గీసిన కాగితాలు కాల్చేశారు. ఆ సంగతి తెలియనివాళ్లు కంప్యూటర్ల కోసం అదే దారిని మళ్లీ మొదటినుంచీ తవ్వుకున్నారు.

అది చదివాక నిద్ర పట్టలేదు. నీ రెండో ప్రశ్నే కారణం. వీడియో కాల్లో అబ్బా నీ ముఖంలోకి చూడడేమని అడిగావు కదా.

శుక్రవారాల్లో కంపెనీ వ్యాన్‌లో నన్ను కువైట్ సిటీకి తీసుకుపోయేటప్పుడు అబ్బా బోర్డులన్నీ పైకి చదివి నాకు అరబ్బీ నేర్పేవాడు. ఇప్పుడు ప్రతి బోర్డు దగ్గరా ఒకే మాట: "నువ్వే చదువమ్మా, నేర్చుకున్నట్టుంటాది." నేను మురిసిపోయి గొంతెత్తి చదివేదాన్ని. పోయిన వారం ఎదురుగా ఎర్ర లైటు పడింది. వ్యాన్ ఆగలేదు. నేను అరిస్తే బ్రేకు వేశాడు. ఆ ఒకే మాట ఎందుకో అప్పుడు అర్థమైంది.

"కండ్లు కనపడట్లేదా అబ్బా?"

"షుగర్ది లేమ్మా. రొంత మసగ్గా ఉంటాది. నువ్వుండావు గదా, నా కండ్లద్దాలు!" అని నవ్వాడు.

"ఆస్పత్రికి పోదాం."

"కంపెనీకి తెలిస్తే పని ఖలాస్, ఈడ ఉండనిచ్చే ఇఖామా ఖలాస్, నీ చదువూ ఖలాస్. మీ అమ్మీకి చెప్తివా, నా మీద ఒట్టే."

ఒట్టు వేశాను. కానీ అమ్మీ, నేను పక్కన ఉండేది శుక్రవారం ఒక్కటే. మిగతా రోజులు ఆ వ్యాన్ నిండా మహబూలా క్యాంపు పనివాళ్లు ఉంటారు.

ఇది అందిన రోజే ఫోన్ చేసి, వ్యాన్ తాళాలు కంపెనీకి ఇచ్చేయమని అబ్బాకు చెప్పు. నీ మాటే వింటాడు. ఊరికి వచ్చేయాల్సి వచ్చినా సరే, నేను అక్కడా చదువుకుంటాను.

ఉండేది ఒకే గది. ఫోన్లో చెబితే అబ్బా వింటాడని, ఊరికి వస్తున్న ఫర్హానా ఆంటీ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. గూఢలిపిలో రాద్దామనుకున్నాను. అవసరం లేకపోయింది. నా ఉత్తరాల్లో ఎప్పుడూ తప్పులు పట్టే అబ్బా ఇప్పుడే చాయ్ గ్లాసుతో ఈ కాగితం మీదికి వంగి, "ముత్యాల మాదిరి రాస్తాండావు బిడ్డా" అని మెచ్చుకున్నాడు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ చిన్న కూతురు
సైరా