లైను బాగానే ఉందట

అమృతా,

నువ్వు బదిలీ మీద కాకినాడ వెళ్లాక కూడా రోజూ సాయంత్రం కంప్యూటర్‌లో వీడియో కాల్ పెట్టుకుని కలిసి పాడుకునేవాళ్లం. దసరా నుంచి నీ కాల్ రావడం లేదు. ఇక్కడ మొఘల్‌పురాలో మా ఇంటర్నెట్ మోడెమే పాడైందని అనుకోవాలనిపించి, లైన్‌మన్ ఆగయ్యను పిలిపించి నీ సంగతి చెప్పాను. అతను టెస్ట్ పెట్టగానే మోడెం మీది దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, చివరికి ఆకుపచ్చగా నిలిచాయి.

“లైన్ మస్తుగుంది మేడం. ఆమెకు ఫోన్ గిట్ల చేసిండ్రా?” అన్నాడు.

“చేశాను. ఎత్తడం లేదు.”

అతను పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. “గట్లయితే పోయి చూసి రారాదుండ్రి,” అన్నాడు.

అతను వెళ్లిపోయాక ఇంట్లో మళ్లీ ఎవరూ లేరు. ఆ దీపాలనే చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం వస్తున్నాను. నా మీద కోపమైతే తలుపు తీసి తిట్టు. ఒంట్లో బాగోకపోతే మాత్రం లేవకు, తాళంచెవి ముందే పక్కింట్లో ఇచ్చి ఉంచు.

నీ స్నేహితురాలు