పాత పికప్‌కి కొత్త ఇంజన్

శనివారం, అక్టోబర్ 2004, స్లౌ, ఇంగ్లండ్

స్టార్టయింది! పక్కింటి డేవ్ అంకుల్ గ్యారేజీలో ఆరు వీకెండ్లు ఒళ్ళంతా ఆయిల్ పూసుకున్నందుకు, నా పాత పికప్‌లో ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఇవాళ గర్జించింది. కిటికీ అద్దాలు అదిరిపోయాయి. రిటైరైన మనిషయ్యుండీ అంకుల్ చిన్నపిల్లాడిలా గెంతాడు.

నిమ్మకాయలు పెట్టందే బండి కదలడానికి వీల్లేదంది మా ఆవిడ.

"బండి పాతదేగా?" అన్నాను.

"ఇంజన్ కొత్తదిగా!" అని నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టింది.

యాక్సిలరేటర్ మీద కాలు ఇలా ఆనించానో లేదో, తడి డ్రైవ్‌వే మీద వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఒక కాయ నలక్కుండానే ఎగిరెళ్ళి వెనక నిలబడ్డ అంకుల్ మోకాలికి తగిలింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. అబ్బ, ఏం పవరు!

ఆవిడ నవ్వలేదు. ఆ కాయ చేతిలోకి తీసుకుని, "మరి ఆపడానికి కొత్తదేం పెట్టారు?" అంది.

ఏమంటోందని అంకుల్ అడిగాడు. భలే ఉందంటోందని చెప్పాను.

తాళాలు ఇప్పుడు ఆవిడ దిండు కింద ఉన్నాయి. ఆ మోత తలుచుకుంటే నాకు నిద్ర రావడం లేదు. ఆరు వీకెండ్లలో మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు... బ్రేకులు పాతవే.